సెలవులకు ఏ పుస్తకం? లావుపాటివి ఇంట్లోనే ఉండనీయండి

మీరు అడిగింది ఇదీ: మే నెలలో పది రోజులు సెలవు. అనంతపురం నుంచి బయల్దేరి కడపలో అక్కవాళ్లను కలుపుకుని రైల్లో విశాఖ, అక్కణ్నుంచి అరకు. తిరిగొచ్చాక మిగిలిన రోజులు జమ్మలమడుగు దగ్గర అత్తగారి ఊళ్లో. పోయినేడు ‘వేయిపడగలు’ మోసుకుపోయి, ఇరవై పేజీలు కూడా దాటకుండానే వెనక్కి తెచ్చారు. పెళ్లికి ముందు వారపత్రికల్లో సీరియల్ వదలకుండా చదివిన మనిషినే, ఇప్పుడు చదివే అలవాటే పోయిందేమో అని టెన్షన్‌గా ఉందన్నారు. హాయిగా చదువుకునే పుస్తకాలు నాలుగు చెప్పమన్నారు. ఏడో తరగతి చదివే అబ్బాయి ఫోను వదలడం లేదనీ రాశారు.

అలవాటు ఎక్కడికీ పోలేదమ్మా. సీరియళ్లు చదివిన కళ్లు అంత తొందరగా మరిచిపోవు. ఈ జిల్లాల్లోనే గ్రంథాలయాల్లో పనిచేసి రిటైరైనవాణ్ని. ఏప్రిల్ చివర్లో సెలవులకని పుస్తకాలు తీసుకుపోయేవాళ్లనూ, జూన్‌లో తిరిగి ఇచ్చేవాళ్లనూ కౌంటర్ వెనక నుంచి చూస్తూనే ఉండేవాణ్ని. తిరిగొచ్చిన పుస్తకం చేతిలోకి తీసుకుంటే చదివారో లేదో తెలిసిపోతుంది. చదివినదానికి మూలలు మెత్తబడి ఉంటాయి, ఎక్కడో ఒకచోట పసుపు వేలిముద్రో, ఆవకాయ నూనె మరకో ఉంటుంది. గుర్తుకని పెట్టిన బస్సు టికెట్టు మూడొంతులు దాటాక ఎక్కడో దొరుకుతుంది. చదవని పుస్తకంలో ఆ టికెట్టు ఎప్పుడూ మొదటి పాతిక పేజీల్లోనే. అలా తిరిగొచ్చినవాటిలో ఎక్కువ భాగం గొప్ప పుస్తకాలే. ‘ఎప్పటినుంచో చదవాలనుకుంటున్నాను సార్, ఈ సెలవుల్లో పట్టు పడతా’ అని తీసుకుపోయినవే.

అందుకే నేను చెప్పేది ఒకటే. పుస్తకం ఎంత గొప్పదో చూసి సెలవులకు ఎంచుకోవద్దు. మీరు ఎక్కడ కూర్చుని, ఎవరి మధ్య, ఎంతసేపు చదవబోతున్నారో చూసి ఎంచుకోండి. ‘వేయిపడగలు’ మీద నాకు గౌరవం ఉంది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో అడివి బాపిరాజు నవల ‘నారాయణరావు’తో కలిసి బహుమతి పంచుకున్న నవల అది. కానీ అన్ని పాత్రలు, అన్ని చర్చలు, అంత నెమ్మది నడక ఉన్న పుస్తకానికి వానాకాలం రాత్రుళ్లు కావాలి, పక్కన పిల్లలు ఉండకూడదు. పది మంది చుట్టాల మధ్య, ‘కాఫీ పెట్టమంటావా’, ‘ఆ దిండు ఇట్లియ్యి’ అనే మాటల మధ్య అది నడవదు. అందులో మీ లోపం ఏమీ లేదు, పుస్తకం లోపమూ లేదు.

ఇప్పుడు మీ పది రోజుల్నే తీసుకుందాం.

మొదట రైలు. కడప నుంచి విశాఖకు ఒక రాత్రి ప్రయాణం. ఎక్కిన గంటసేపు సామాన్లు సర్దడం, పులిహోర పొట్లాలు విప్పడం, పక్క సీటువాళ్లు ఏ ఊరివాళ్లో తెలుసుకోవడంతోనే సరిపోతుంది. పదింటికి ఎవరో ఒకరు లైటు ఆర్పమంటారు. మధ్యలో దొరికేది గంట, మహా అయితే గంటన్నర. దానికి నవ్వించే పుస్తకం ఉండాలి, ఎక్కడ ఆపినా మళ్లీ అందుకోగలిగేది. నన్నడిగితే మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టర్ పార్వతీశం’. 1924 నాటి పుస్తకమని భయపడకండి, నిన్న రాసినట్టు ఉంటుంది. మొగల్తూరు కుర్రవాడు ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండుకు బయల్దేరి, దారి పొడుగునా తెలియనిదల్లా తెలిసినట్టు నటిస్తూ పోతుంటాడు. రైల్లో కూర్చుని ఆ ప్రయాణం చదివితే ఆ కంగారు మన పక్క బెర్తులోనే జరుగుతున్నట్టుంటుంది. మూడు భాగాలున్నాయి. మీరు మొదటి భాగం మాత్రం తీసుకుపోండి. మిగతావి తర్వాత చదవాలనిపిస్తే చదువుతారు, లేకపోతే లేదు. ఒక్క జాగ్రత్త: పైబెర్తు మీద పడుకుని ఒంటరిగా పకపకా నవ్వితే కిందివాళ్లు అదోలా చూస్తారు.

అరకు రైల్లో పుస్తకం తెరవనే వద్దు. సొరంగం మీద సొరంగం, ఒక నిమిషం వెలుతురు, ఒక నిమిషం చీకటి. కిటికీ దగ్గర కూర్చోండి, అంతే.

విశాఖలో ఉండే రోజులకు ఆ ఊరి పుస్తకం ఒకటి చదవండి. వెళ్లిన ఊరి పుస్తకాన్ని ఆ ఊళ్లోనే చదవడంలో ఉన్న సుఖం మరో దాంట్లో లేదు. పొద్దున చూసిన వీధి సాయంత్రం పేజీలో కనిపిస్తుంది. రాచకొండ విశ్వనాథశాస్త్రి విశాఖలో వకీలు, కోర్టులూ పోలీసులూ సారా వ్యాపారమూ దగ్గరగా చూసినవాడు. ‘ఆరు సారా కథలు’ ఆయన రాసిందే. ఆ యాస మన సీమవాళ్లకు మొదట కొరుకుడు పడదు. దానికో ఉపాయం ఉంది. దిగిన రోజే మొదలుపెట్టకండి. ఒక రోజంతా ఆటో ఎక్కి దిగుతూ, పూర్ణా మార్కెట్‌లో బేరాలు వింటూ తిరగండి. ఆ సాగదీత, ఆ విరుపు చెవిలో పడ్డాక రాత్రి పుస్తకం తెరిస్తే అక్షరాలు గొంతులై వినిపిస్తాయి. మొదటి కథ నచ్చకపోతే మాత్రం బలవంతంగా సాగదీయొద్దు. అందులో నవ్వు ఉంది కానీ చేదు నవ్వు, అందరికీ సెలవుల్లో రుచించదు.

విశాఖ దాకా వెళ్తున్నారు కాబట్టి ఒక మాట. ఒక పూట మిగిలితే శ్రీకాకుళం వెళ్లి కథానిలయం చూసి రండి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన గ్రంథాలయం అది. తెలుగులో వచ్చిన కథలన్నీ ఒకచోట చేర్చాలన్న పట్టుదలతో పెట్టింది. పిల్లలకు బోరు కొట్టొచ్చు, మీకు కొట్టదు.

అసలు చదువు జరిగేది అత్తగారి ఊళ్లో. అక్కడ ఎండ సంగతి మీకు నేను చెప్పాలా. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా ఇంటిల్లిపాదీ నిద్రే. వంటిల్లు కడిగేసి ఉంటుంది, పిల్లలు కూడా చాప మీద వాలిపోయి ఉంటారు, కుక్క కూడా అరుగు కింద నీడలోంచి కదలదు. మిమ్మల్ని పిలిచేవాళ్లు ఉండరు. రోజుకు రెండున్నర గంటల చొప్పున నాలుగు రోజులంటే పది గంటలు. ఒక నవల చదవడానికి బోలెడు. మీరు పోయినేడు చేసిన పని ఏమిటంటే పెద్ద పుస్తకాన్ని ప్రయాణంలో మొదలుపెట్టారు. దాన్ని ఈ మధ్యాహ్నాలకు దాచుకోవాలి.

ఈ మధ్యాహ్నాలకు నేను చెప్పే నవల సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’. కడప జిల్లా రచయితే. 2019లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) నవలల పోటీలో బహుమతి వచ్చింది, 2021లో అదే పేరుతో సినిమా కూడా వచ్చింది. సినిమా చూశాను కదా అనుకోకండి, పుస్తకం వేరు. కరువులో ఊళ్లో నీళ్లూ మేతా లేక గొర్రెలకాపరులు మందల్ని తోలుకుని నల్లమలకు పోతారు. ఉద్యోగం దొరకని, పట్నంలో చదువుకున్న కుర్రాడు తండ్రి వెంట అడవికి పోతాడు. ఇంతే కథ. అయితే రాత్రి మంద చుట్టూ మంట వేసుకుని కూర్చున్నప్పుడు దూరంగా ఏదో కదిలిందంటే, మిట్టమధ్యాహ్నం మంచం మీద పడుకుని చదువుతున్న మీకు కూడా వెనక్కి తిరిగి చూడాలనిపిస్తుంది. సాయంత్రం అరుగు మీద మీ మామగారినో, ఆ వయసు పెద్దవాళ్లనో అడగండి, మన ఊరివాళ్లు ఎవరైనా గొర్రెలు తోలుకుని అడవికి పోయేవాళ్లా అని. పుస్తకంలో లేని కథలు వస్తాయి.

ఇక్కడ కొందరు అడ్డం పడతారు: ‘సీమ రచయితలంటే కరువూ కక్షలూ కన్నీళ్లే, సెలవుల్లో ఎందుకు ఆ బాధ?’ అని. ఈ మాట నాకు ఒంటికి పడదు. సగం నిజమే అనుకున్నా, కథలో బాధ ఉండటం వేరు, చదవడం బాధగా ఉండటం వేరు. కేతు విశ్వనాథరెడ్డి కథలు తీసుకోండి. ఆయన కథల సంపుటికి 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. రాయడం అంతా మామూలు మాటల్లో, గొంతు పెంచకుండా. పొలం పోయిన రైతు గురించి రాసినా మనల్ని ఏడిపించే ప్రయత్నం ఉండదు. అది చదివి మనసు బరువెక్కితే ఆ బరువు కూడా ఒక రకం తృప్తే. రోజుకొకటి, నిద్రపోయే ముందు. అంతకు మించి వద్దు.

నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారివి మాత్రం రాత్రి భోజనాలయ్యాక మేడ మీద అందరికీ పైకి చదివి వినిపించాల్సినవి. ‘మిట్టూరోడి కతలు’ కళ్లతో చదివితే సగమే రుచి. చిత్తూరు మాట పలుకుబడిలోనే నవ్వంతా ఉంది. మీ ఇంట్లో గొంతు బాగున్నవాళ్లకు ఇచ్చి చదివించండి. మొదటి పేజీ తడబడతారు, రెండో పేజీకి యాస పట్టుకుంటారు, మూడో పేజీకి ముసలివాళ్లు ‘ఇది మా ఊళ్లో జరిగినట్టే ఉందే’ అంటారు. కొన్ని చోట్ల మాటలు మోటుగా ఉంటాయి, పిల్లలున్నప్పుడు ముందుగా ఒకసారి చూసుకోండి.

చిన్న పుస్తకమే కావాలంటే వెంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ ఉంది. కడప జిల్లా ముస్లిం ఇళ్లలోని కథలు. ఆ పుస్తకానికి సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. సంచిలో ఉన్నట్టే తెలియదు.

ఎక్కడైనా పనికొచ్చేవి మూడు నాలుగు పేజీల కథలు. బస్టాండులో, డాక్టరు గదిలో, స్నానానికి నీళ్లు కాగేలోపు. సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ అలాంటివే. కృష్ణ ఒడ్డున ఒక ఊరు, ఆ ఊరి మనుషులు, పక్కన బాపు బొమ్మలు. అయితే ఒకేసారి పది చదివారంటే మొహం మొత్తుతుంది. సున్నుండలు డబ్బాలో ఉన్నాయని అన్నీ ఒకే రోజు తినం కదా, అలాగే. రోజుకు రెండు.

మీరు అనంతపురంవారు కాబట్టి ఇంకొకటి. తిరుమల రామచంద్రగారి ‘హంపీ నుంచి హరప్పా దాక’. మన జిల్లా మనిషి ఆత్మకథ, సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పండితుడి ఆత్మకథ అనగానే పొడిగా ఉంటుందనుకుంటారు. అందులో ఊళ్లు తిరగడం, చదువుల కోసం పడ్డ పాట్లు, లాహోర్ దాకా పోయిన సంగతులు ఉన్నాయి. మొదటి నుంచి చివరి దాకా వరసగా చదవాలన్న రూలేమీ లేదు. విషయసూచిక చూసి నచ్చిన చోట మొదలుపెట్టండి.

ప్రయాణాల పుస్తకాలు ఇష్టమైతే ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’ ఒకసారి తిరగేయండి. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, మన కడప మీదుగా, అహోబిలం, శ్రీశైలం చూసుకుంటూ పోయాడాయన. మరుసటి ఏడు తిరిగొచ్చాడు. దారిలో ఏ ఊళ్లో దిగాడు, నీళ్లెట్లా ఉన్నాయి, దుకాణాలున్నాయా, దారి బండ్లకు బాగుందా, అన్నీ రాసిపెట్టాడు. ఏసీ కారులో మూడు గంటల్లో పోయే దూరానికి అప్పుడెన్ని మజిలీలో చూస్తే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. భాష పాతది, ముద్రణ కూడా చాలా ప్రతుల్లో బిగువుగా ఉంటుంది. అందుకని ఇది మొత్తం చదవమని చెప్పను. మనకు తెలిసిన ఊళ్లు వచ్చే పేజీలు వెతుక్కుని చదవండి, మజా అక్కడుంది.

మరి మీ పాత సీరియళ్లు? మీ ప్రశ్నలో ఆ మాట కొంచెం సిగ్గుపడుతూ రాసినట్టు కనిపించింది. ఎందుకు సిగ్గు? యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ ఎప్పుడూ అలమరలో ఉన్నది లేదు. వచ్చిన మర్నాడే ఇంకొకరి చేతికి పోయేది. చదివే అలవాటు తప్పినవాళ్లకు ఒకప్పుడు ఇష్టంగా చదివిన పుస్తకాన్నే మళ్లీ చదవడం అన్నిటికన్నా మంచి మార్గం. కథ తెలుసు కాబట్టి మధ్యలో ఆగినా దారి తప్పరు. పాతిక పేజీలు గడిచేసరికి కళ్లకు పాత వేగం వచ్చేస్తుంది, ఆ తర్వాత కొత్తది అందుకోవచ్చు. డిటెక్టివ్ నవలలైనా అంతే. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌వో, మధుబాబు షాడోవో ఒకటి సంచిలో పడేయండి. మీరు చదవకపోయినా బావగారో మరిదో తీసుకుంటారు. యండమూరి ‘తులసిదళం’ మాత్రం కరెంటు పోయే ఊళ్లో, రాత్రిపూట మొదలుపెట్టొద్దు. తర్వాత బావి దగ్గరికి తోడు రమ్మని ఎవరినో లేపాల్సి వస్తుంది.

సెలవులకు వద్దనేవి కూడా చెప్పాలి. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ మన అనంతపురం నేల మీద, హండే పాలకుల కాలంలో నడిచే నవల, 2019లో అకాడమీ అవార్డు వచ్చింది. నాకు చాలా ఇష్టం. కానీ ఆ కాలపు మనుషులూ, కులాలూ, పాలెగాళ్లూ ఒకరి వెంట ఒకరు వస్తుంటే, రెండు రోజులు వదిలేసి మళ్లీ పట్టుకుంటే ఎవరు ఎవరో తెలియదు. ఇంటికొచ్చాక తీరిగ్గా చదవండి. మన కర్నూలు కాశీభట్ల వేణుగోపాల్ నవలలు అంతకన్నా ఏకాంతం కోరతాయి. మనిషి లోపలి చీకట్లోకి దిగే రచయిత ఆయన, పక్కన కారప్పూస పళ్లెం పెట్టుకుని చదివేవి కావు.

నా జాబితా మీద నమ్మకం లేకపోతే, ఉండాల్సిన పని కూడా లేదు, మీరే పరీక్ష పెట్టుకోండి. పుస్తకం చేతిలోకి తీసుకుని అట్ట వెనక మెచ్చుకోళ్లు చదవొద్దు. ముందుమాట వద్దు. మొదటి పేజీ కూడా వద్దు, మొదటి పేజీని ప్రతి రచయితా చెక్కి చెక్కి పెడతాడు. సరిగ్గా మధ్యలో ఎక్కడో తెరిచి, అలమర దగ్గర నిలబడే ఒక పేజీ చదవండి. పేజీ అయ్యేలోపు తల ఎత్తి గడియారం చూశారా, తిరిగి పెట్టేయండి. పేజీ తిప్పి వెనకవైపు చూశారా, అది మీ పుస్తకం. ఎవరు ఎవరో తెలియకపోయినా మాటల నడక మిమ్మల్ని పట్టుకుందో లేదో ఆ ఒక్క పేజీ చెప్పేస్తుంది. అప్పట్లో కౌంటర్ దగ్గరికి వచ్చి ‘ఏదైనా మంచిది ఇవ్వండి సార్’ అనేవాళ్లతో నేను చేయించింది ఇదే. ఒకాయన ప్రతిసారీ బరువైన విమర్శ గ్రంథం ఒకటి, షాడో ఒకటి తీసుకునేవాడు. ఏది చదివేవాడో మూలలు చూస్తే తెలిసేది. నేనెప్పుడూ అనలేదు లెండి.

పుస్తకం ఆకారం కూడా చూడండి, ఎవరూ చెప్పరు గానీ సెలవుల్లో ఇది సగం విషయం. ఒంటి చేత్తో పట్టుకోలేనిది పడుకుని చదవలేం. అక్షరాలు మరీ చిన్నవైతే మసక వెలుతురులో కళ్లజోడు ఉన్నా లాభం లేదు. అన్నిటికన్నా ముఖ్యం బైండింగ్. ఇప్పుడొచ్చేవాటిలో ఎక్కువ గమ్ బైండింగే. మే నెలలో కారు అద్దం ముందు ఒక మధ్యాహ్నం వదిలేశారంటే ఆ జిగురు మెత్తబడి, తర్వాత తెరవగానే పేజీలు పేకముక్కల్లా ఊడొస్తాయి. లైబ్రరీ పుస్తకమైతే దండగ కూడా. కుట్టు బైండింగ్ ఉన్న పాత ప్రతి దొరికితే, అట్ట చిరిగినా సరే, అదే తీసుకోండి. బట్టల సంచి మధ్యలో పెట్టుకోండి, కొబ్బరినూనె సీసా ఉన్న అరలో కాదు.

ఎన్ని తీసుకెళ్లాలి అంటే, మీకు మూడు చాలు: ఒక నవ్వుల పుస్తకం, ఒక కథల పుస్తకం, ఒక నవల. మీ అక్కను వేరే రెండు తెమ్మనండి. ఒకే పుస్తకం ఇద్దరూ మోసుకొస్తే దండగ, ముందే ఫోన్‌లో మాట్లాడుకోండి. ఏదైనా మధ్యలో విసుగొస్తే వదిలేయండి. పరీక్ష రాయబోవడం లేదు కదా.

అబ్బాయి సంగతి. ‘ఫోను పెట్టి పుస్తకం చదువు’ అన్నారంటే ఆ సెలవులంతా పుస్తకం శిక్షలాగే ఉంటుంది. వాణ్ని లైబ్రరీకి తీసుకుపోయి వాడికి నచ్చినవి రెండు వాడినే తీసుకోనివ్వండి. బొమ్మల పుస్తకమైనా, క్రికెట్ పుస్తకమైనా, దయ్యాల కథలైనా మీరు మూతి ముడవొద్దు. దాంతోపాటు ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’ మీరు పైకి చదవండి, వాడి కోసం అని చెప్పకుండా, మీ అక్కకు చదివి వినిపిస్తున్నట్టు. నిజానికి అది పెద్దవాళ్లు చదువుకునే పుస్తకమే, పిల్లాడి నోటితో పెద్దవాళ్లను ఆటపట్టించేది. మీరు ఎందుకు నవ్వుతున్నారో తెలుసుకోవడానికైనా వాడు దగ్గరికొస్తాడు. రాకపోతే మీరు చదువుకున్నట్టు అవుతుంది. పాత చందమామలు దొరికితే ఇంకా మేలు, ఆ బేతాళ కథల చివర ప్రశ్న దగ్గర ఆపి వాణ్ని జవాబు అడగండి.

ఫోన్‌లోనే చదివితే పోలేదా అనీ అడిగారు. చదవొచ్చు, పాత పుస్తకాలు ఇంటర్నెట్‌లో బోలెడు ఉన్నాయి, కథానిలయంవాళ్ల వెబ్‌సైట్‌లో కథలు కూడా చదువుకోవచ్చు. రైల్లో వెలుతురు లేనప్పుడు ఫోనే దిక్కు. కానీ మధ్యాహ్నాలకు వద్దు. రెండు పేజీలకొకసారి వాట్సాప్ గ్రూపులో ఎవరిదో పెళ్లిరోజు శుభాకాంక్షలు వస్తాయి, మీరు కూడా ఒక పూలగుత్తి పంపుతారు, అక్కడితో నల్లమల అయిపోతుంది.

కొనడానికే చూడకండి. అనంతపురం జిల్లా కేంద్ర గ్రంథాలయంలో డిపాజిట్ కట్టి సభ్యులైతే పుస్తకాలు ఇంటికిస్తారు. నేను చెప్పినవన్నీ ఒకే రోజు దొరకకపోవచ్చు, నవలల అలమరలో లేకపోతే వాపసు వచ్చి ఇంకా సర్దని దొంతరలో వెతకమనండి, బాగా తిరిగేవి అక్కడే ఉంటాయి. వాపసు తేదీ మీ ప్రయాణం తర్వాతకు పడేట్టు బయల్దేరే ముందు వారంలోనే వెళ్లండి. శుక్రవారం మాత్రం పోవద్దు, గ్రంథాలయాలకు సెలవు.